భోంపూ పాట

నాకు ఇష్టమైన బ్యాండు పేరు ఇక్కడ రాయను. రాస్తే చాలు, ప్రతివాళ్ళూ తమకు నచ్చిన పాటేదో ఎత్తుకుంటారు, ఇక నా మాట ఎవరూ వినరు. పరాయి దేశం వాళ్ళు. నలుగురు మగవాళ్ళు, ఒక ఆడమనిషి. విడిపోయి కూడా చాలా కాలమైంది. నలభై ఏళ్ళకు పైగా వాళ్ళ పాటలు వింటున్నాను. ఏ పాటలో ఏ వాయిద్యం ఎక్కడ అందుకుంటుందో, ఆ ఆడమనిషి ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ మొన్నమొన్నటిదాకా ఆ పాటల్లో ఒక్కటి కూడా నా ఇంట్లో నేను గట్టిగా వినలేదు. దీనికంతటికీ కారణం నిద్ర. నాది కాదు, ఇంట్లో మగవాళ్ళది.

మాది కద్మాలో ఉక్కు కంపెనీ క్వార్టరు. నాన్న ఫర్నేసులో పనిచేసేవారు. మూడు షిఫ్టులు, వారానికొకటి. సి షిఫ్టు వారం వచ్చిందంటే రాత్రి పదికి డ్యూటీ ఎక్కి, పొద్దున్న ఆరుకు దిగి, ఇంటికొచ్చి చద్దన్నం తిని ఎనిమిదికల్లా పడుకునేవారు. అక్కడి నుంచి సాయంత్రం నాలుగు దాకా మా ఇంట్లో రాత్రే. అమ్మ కిటికీకి కంబళి కట్టేది. విజిల్ వేస్తుందని కుక్కరు వాడేది కాదు. గిన్నెలు తోమేటప్పుడు కింద గోనెపట్టా పరిచేది. గేటుకు ఎర్రగుడ్డ కట్టేది. మా వరసలో అందరిదీ అదే పద్ధతి. ఎర్రగుడ్డ ఉందంటే లోపల సి షిఫ్టు మనిషి పడుకున్నాడని అర్థం. కూరలబండి వాడు కూడా ఆ గేటు ముందు కేక ఆపేసి, దాటాక మళ్ళీ అందుకునేవాడు.

"అయ్య నిద్దరోతన్నాడు, సప్పుడు సెయ్యకు." నాకు ఊహ తెలిశాక అమ్మ నోట విన్న మొదటి మాట ఇదే. కొన్నాళ్ళకు అమ్మ ఆ మాట కూడా మానేసి సైగల్లోకి దిగింది. ఉప్పు కావాలంటే రెండు వేళ్ళు రాపాడించాలి. నాన్న లేచారంటే నుదుటి మీద అరచెయ్యి పెట్టాలి, హెల్మెట్ లాగా. భోంపూ అంటే పిడికిలి నోటి దగ్గర పెట్టుకుని పైకెత్తాలి. భోంపూ అంటే కంపెనీ సైరను. ఆరుకి, రెండుకి, మళ్ళీ రాత్రి పదికి ఊరంతా వినబడేలా మోగుతుంది. తమాషా ఏమిటంటే, మధ్యాహ్నం రెండింటికి అంత భోంపూ మోగినా కదలని నాన్న, వంటింట్లో చెంచా కిందపడితే దిగ్గున లేచి కూర్చునేవారు. ఆ రోజంతా అమ్మ నాతో మాట్లాడేది కాదు. అంటే సైగలు కూడా చేసేది కాదు.

మరి మిగతా రెండు వారాలు హాయిగా అరుచుకోవచ్చుగా అని మీరడుగుతారు. మా క్వార్టర్లు చూడనివాళ్ళే ఆ మాట అడుగుతారు. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. మా నాన్నకు సి షిఫ్టు కాని వారం గోడకు ఇటుపక్క వాళ్ళకో, అటుపక్క వాళ్ళకో సి షిఫ్టు. ఏ వారం చూసినా ఏదో ఒక గేటుకు ఎర్రగుడ్డ వేలాడుతూనే ఉండేది.

అలాంటి ఇంట్లోకి పాటలు తెచ్చిన మహానుభావుడు మా చిన్నాన్న. మా ఊరి స్టేషను టాటానగర్‌లో రైల్వే పని. అక్కడ ఒక గార్డుగారింట్లో రికార్డు ప్లేయరు ఉండేది. దాని ముందు తన టేప్‌రికార్డరు పెట్టి, ఒక మధ్యాహ్నమంతా కూర్చుని, క్యాసెట్టు నింపుకొచ్చాడు. నాకప్పుడు పద్నాలుగేళ్ళు.

"ఇంగ్లీసు పాటలమ్మా, జాగర్తగా ఇను. రికాడ్డు ఆలది, టేపు మనది" అంటూ టేప్‌రికార్డరుతో సహా ఇచ్చేశాడు. ఆయన కొత్తది కొనుక్కున్నాడులెండి.

ఆ క్యాసెట్టులో పన్నెండు పాటలు. వాటి పేర్లేమిటో చాలా ఏళ్ళు నాకు తెలియదు. ఇంగ్లీషు అర్థమయ్యేంత చదువూ కాదు. నా పేర్లు నేనే పెట్టుకున్నాను. మొదటిది బియ్యం పాట. వెనకాల చేటలో బియ్యం చెరుగుతున్నట్టు ఒక చప్పుడు వచ్చేది. నాలుగోది కుళాయి పాట. మెల్లగా సాగే పాట. పొద్దున్న కుళాయి వదిలినప్పుడు ఆ నీళ్ళ హోరులో ఎవరికీ వినబడకుండా పెట్టుకునేదాన్ని. ఏడోది భోంపూ పాట. నా ప్రాణమంతా అందులోనే ఉంది.

మిగతా వేళల్లో ఎలా వినేదాన్నంటే, టేప్‌రికార్డరు దిండు కింద పెట్టి, సౌండు రెండు దగ్గర ఉంచి, దిండుకు చెవి ఆనించి. సౌండు మూడు దాటితే అమ్మ గుమ్మంలో ప్రత్యక్షం. భోంపూ పాట మొదట్లో ఆ నలుగురూ ఏదో బతిమాలుతున్నట్టు పాడతారు. ఆ తరవాత ఆ ఆడమనిషి ఒక్కతే గొంతెత్తి పైకి, ఇంకా పైకి వెళుతుంది. ఇక ఊపిరి అందదేమో అనుకునే చోట భోంపూ మోగుతుంది. సాక్షాత్తూ మా కంపెనీ భోంపూయే. మోగినంతసేపు ఆమె వెనక్కి తగ్గదు. దాని మీద నుంచే పాడుకుంటూ పోతుంది. దిండులో మొహం దాచుకుని వింటుంటే నాకు ఒళ్ళు ఝల్లుమనేది.

చిన్నాన్న రికార్డు చేస్తుండగా రెండు గంటల భోంపూ మోగి టేపులో పడిందని ఎవరైనా ఇట్టే చెప్పగలరు. నాకు తట్టలేదు. అది పాటలో భాగమనే అనుకున్నాను. దానిమీద పెద్ద కథే అల్లుకున్నాను. వాళ్ళదీ మనలాంటి కార్ఖానా ఊరే, వాళ్ళ నాన్నలూ షిఫ్టులకు పోతారు, ఆమె కూడా గేటుకు ఎర్రగుడ్డ కట్టిన ఇంట్లో పెరిగింది, అందుకే ఒక్కసారి గొంతు దొరకగానే అంత పైకి పోయింది. చిన్నాన్న ఎక్కడిదో పేపరు కత్తిరించి వాళ్ళ ఫొటో ఇచ్చాడు. అందులో మీసాలాయన అచ్చం క్రేను ఆపరేటరులా ఉన్నాడని నాకు మరీ నమ్మకం కుదిరింది.

ఆ వయసులో నాకున్న కోరిక ఒక్కటే. భోంపూ పాట ఈ ఇంట్లో, ఈ గోడలు అదిరేలా, ఒక్కసారి మొత్తం వినాలి. అది కుదరదని తెలిశాక కోరిక మార్చుకున్నాను. పెళ్ళయి వేరే ఇంటికి పోతాను కదా, అక్కడ వింటాను.

ఆ రోజుల్లో కొడుకు లేని ఉద్యోగి ముందే పని మానుకుంటే ఆ నౌకరీ అల్లుడికి వచ్చే వీలుండేది. నౌకరీ వస్తే క్వార్టరు కూడా నిలుస్తుంది. నేను ఒక్కతే పిల్లను. ఇచ్ఛాపురం వైపు నుంచి సంబంధం చూశారు. అబ్బాయి చదువేమిటి, అలవాట్లేమిటి అని మా వాళ్ళు అడగలేదు. నాన్న అడిగింది ఒకటే, "నైటు డ్యూటీ సెయ్యగలవా బాబూ?" అతను చెయ్యగలనన్నాడు. సంబంధం ఖాయమైపోయింది.

అప్పగింతల రోజు సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, వెనకే కోపం కూడా వస్తుంది. పెళ్ళికూతుర్ని సాగనంపాలి కదా. ఎక్కడికని, అల్లుడే మా ఇంటికొస్తుంటే? అందుకని మా పెద్దవాళ్ళు ఒక ఉపాయం చేశారు. మమ్మల్ని గేటులోంచి బయటికి నడిపించి, క్వార్టర్ల వరస చుట్టూ ఒక చుట్టు తిప్పి, మళ్ళీ అదే గేటులోంచి లోపలికి తెచ్చారు. గుమ్మంలో బియ్యం చెంబు పెట్టారు, తన్నాను. లోకంలో ఆడపిల్లలు పుట్టిల్లు వదలాల్సి వచ్చిందని ఏడుస్తారు. నేను వదలనందుకు ఏడ్చాను. అది చూసి అందరూ ఎంత ప్రేమో అనుకున్నారు.

మరుసటి నెలలోనే మా ఆయన సి షిఫ్టు మొదలైంది. అమ్మ పాత ఎర్రగుడ్డ తీసి నా చేతికిచ్చింది. ఇల్లు మారలేదు, గది మారలేదు, కిటికీకి కంబళి కూడా మారలేదు. పడుకునే మనిషి మారాడంతే. దిండు కింద టేప్‌రికార్డరు మాత్రం వంటింట్లోకి వచ్చింది. తలుపు దగ్గరగా వేసుకుని, సౌండు రెండు దగ్గర పెట్టి వినేదాన్ని. ఆయన పడుకున్న గదికీ వంటింటికీ మధ్య ఇటుకమందం గోడ. ఆయన మంచి మనిషే. ఒక్కనాడూ విసుక్కోలేదు. విసుక్కుని ఉంటే నేనూ నాలుగు మాటలు అని ఉండేదాన్ని.

ఇయర్‌ఫోన్లు లేవా అనకండి. వచ్చాయి, పెట్టుకున్నాను, పాలు పొంగిపోయాయి, గేటు దగ్గర కొరియరు వాడు గంటసేపు నిలబడ్డాడు. పైగా నా కోరిక చెవిలో వినడం కాదు. ఈ ఇల్లు వినాలి.

అమ్మానాన్నలు వెళ్ళిపోయారు. టేప్‌రికార్డరు చచ్చిపోయింది. క్యాసెట్టు సూదీదారాల డబ్బాలో దాచుకున్నాను. మా అమ్మాయి కాలేజీలో ఉన్నప్పుడు నా ఫోనులో ఆ పన్నెండు పాటలూ వెతికి పెట్టింది. బియ్యం పాటలో ఉన్నది బియ్యం కాదు, చప్పట్లని అప్పుడు తెలిసింది. అంతవరకు సరదాగానే ఉంది. భోంపూ పాట పెట్టాను. ఆమె పైకి వెళ్ళింది, ఊపిరి అందని చోటుకు చేరింది, అక్కడ ఏమీ లేదు. ఉత్త ఖాళీ.

"ఇందులో భోంపూ ఏదే?" అన్నాను.

"మమ్మీ, గానే మే సైరన్ కహా సే ఆయేగా?" అని నవ్వింది అమ్మాయి. నేను తెలుగులో అడిగితే అది హిందీలోనే జవాబు చెబుతుంది. పాటలో సైరను ఎందుకుంటుందట! రెండు రోజులు దానితో సరిగ్గా మాట్లాడలేకపోయాను. అది చేసిన తప్పేమీ లేదు. కానీ ఆ పాటలవాళ్ళ ఊళ్ళో కార్ఖానా లేదని, ఆమె గేటుకు ఎర్రగుడ్డ లేదని, ఈ ఇంట్లో నాతోపాటు ఎవరూ లేరని ఒక్కసారిగా తెలిసిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

ఈ ఏడు ఆయన రిటైరయ్యారు. బిర్సానగర్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నాం. క్వార్టరు తాళాలు నెలాఖరుకి అప్పజెప్పాలి. సామానంతా వెళ్ళిపోయింది. ఇక మూడు రోజులే ఉందనగా నాకు కంగారు పుట్టింది. ఇప్పుడు వినకపోతే ఈ ఇంట్లో ఇంకెప్పుడూ వినను. మా అమ్మాయి పుట్టినరోజుకి పంపిన స్పీకరు ఒకటి ఉంది, కొబ్బరికాయంత. లెక్క చూసుకున్నాను. పాటలో భోంపూ పడే చోటు రెండు నిమిషాల నలభై సెకన్లకు. కాబట్టి రెండింటికి సరిగ్గా అంత ముందు మొదలుపెడితే, అసలు భోంపూ వచ్చి దాని చోట అది కూర్చుంటుంది.

ఆయన భోజనం చేసి లోపలి గదిలో చాప మీద పడుకున్నారు. వాళ్ళ వంశంలో మగవాళ్ళందరికీ యాభై దాటితే చెవులు పోతాయి. ఆయనకూ పోయాయి. నాలుగేళ్ళుగా మా ఇంట్లో మళ్ళీ అమ్మ సైగలే. గేటుకు ఎర్రగుడ్డ లేదు. అటూ ఇటూ ఇళ్ళకూ వెళ్ళి చూసొచ్చాను, వాళ్ళ గేట్లకూ లేదు. స్పీకరు నేలమీద పెట్టాను. సౌండు చివరిదాకా తిప్పాను.

ఖాళీ ఇంట్లో ఆ నలుగురి గొంతులూ గోడలకు తగిలి తిరిగొచ్చాయి. ఆమె అందుకుంది. పైకి, ఇంకా పైకి. సరిగ్గా ఆ చోట బయట భోంపూ మోగింది. ఒక్క క్షణం అటూ ఇటూ కాలేదు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి నోరు తెరిచి అరిచాను. పాట కాదు, మాట కాదు, ఉత్త అరుపు. ఆ ఇంట్లో నేను అరవడం అదే మొదలు.

చూస్తే ఆయన చాప మీద లేచి కూర్చున్నారు. నా చెయ్యి దానంతటదే వెళ్ళి పాట ఆపేసింది.

"ఏటే, ఆపేసినావేటి? నేలదురుతన్నాది, నాకు తెలుత్తంది. ఆ పాటేనా? మద్దిన భోంపూ వత్తాది సూడు, అదేనా?"

నేను ఆ పాట సంగతి ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. ఎలా తెలుసని చేతులు తిప్పి అడిగాను.

"వంటింట్లో ఎట్టేదానివి కదా. గోడకి చెవెట్టి ఇనేవోడ్ని. పగటేల నాకెప్పుడు నిద్దరట్టింది? ఒక్కనాడైనా అట్టనేదు. మీ అమ్మా నువ్వూ నోర్లు మూసుకొని తిరుగుతంటే, నిద్దరట్టనేదని ఏ మొకమెట్టుకొని సెప్పను? కళ్ళు మూసుకొని తొంగుండేవోడ్ని. కొంచెం పెద్దది సెయ్యే అని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో."

నాకు ఒళ్ళు మండిపోయింది. నిద్రపోని మనిషి నిద్ర కోసం ముప్ఫై ఏళ్ళు గోనెపట్టా మీద గిన్నెలు తోమానా? ఆ మాట గట్టిగానే అన్నాను. ఆయనకు వినబడలేదు. నా మొహం చూసి మాత్రం తల దించుకున్నారు. నాన్న కూడా ఇలాగే కళ్ళు మూసుకుని పడుకునేవారేమో అన్న ఆలోచన అప్పుడే వచ్చింది. అడగడానికి నాన్న లేరు.

"ఇప్పుడెట్టు. బాగా పెద్దది సెయ్" అన్నారు.

మళ్ళీ మొదటి నుంచి పెట్టాను. సౌండు అంతకన్నా పెద్దది కాదు. ఆయన స్పీకరు పక్కన కూర్చుని, రెండు అరచేతులూ నేలకు ఆనించి, కళ్ళు మూసుకున్నారు. ఆమె పైకి వెళుతోంది. ఆయన కళ్ళు తెరిచి నావైపు చూశారు.

"భోంపూ వచ్చిందా?"

రెండు దాటి పది నిమిషాలయింది. పాటలో ఆ చోటు ఖాళీగా వచ్చి, ఖాళీగా వెళ్ళిపోయింది. నేను పిడికిలి నోటి దగ్గర పెట్టుకుని, పైకెత్తి చూపించాను.