ఎడమ భుజం అరిగిన చొక్కా

2021 వేసవిలో నేను సూరత్‌లోని డిండోలిలో, బొంతలు కుట్టే ఒక చిన్న కార్ఖానాలో కటింగ్ మాస్టర్‌గా ఉన్నాను. అక్కడ పనివాళ్ళలో మూడు మెట్లుండేవి. ముక్కలు జోడించేవాళ్ళు, దూది పరిచి పైకుట్టు వేసేవాళ్ళు, అందరికన్నా పైన కత్తెర పట్టే మాస్టర్. జోడింపులో, పైకుట్టులో కలిపి పదకొండేళ్ళు ఉన్నాక నా చేతికి కత్తెర ఇచ్చారు.

పాత బట్టలతో బొంత కుట్టడం మా కరీంనగర్ వైపు ప్రతి ఇంట్లో ఉన్నదే. కార్ఖానాకు వచ్చేవి మాత్రం యాది కోసం దాచుకున్న బట్టలు. బిడ్డ మొదటి గౌను, తల్లి పెళ్ళి చీర, అలాంటివి. ఆ వేసవిలో అవి రావడం ఆగిపోయింది. వచ్చిన ప్రతి మూటా కరోనాతో పోయినవాళ్ళదే. మూటలు బల్ల నిండి, గోడ పక్కన నేల మీదికి వచ్చాయి.

మూట రాగానే ఉతకం, కోయం. బల్ల మీద ఒక్కొక్క బట్టనూ పరిచి, ఎక్కడ చిరిగింది, ఎక్కడ మరక ఉంది, ఎక్కడ అరిగింది చూసి చీటీ రాస్తాం. అరిగిన చోట వెనక వేరే గుడ్డ వేయకపోతే కుట్టు నిలవదు, అందుకని అరుగు తప్పకుండా రాయాలి. తెచ్చినవాళ్ళు చీటీ చదివి సంతకం పెట్టాకే కత్తెర వేస్తాం. మగ్గాల మీద పనిచేసేవాళ్ళ చొక్కాలు కడుపు దగ్గర అరుగుతాయి. తెగిన పోగు అతకడానికి వాళ్ళు రోజంతా మగ్గం ముందు పట్టె మీదికి వంగుతారు. నా భర్త ముప్పై ఏళ్ళు ఆ పనే చేశాడు కాబట్టి ఇది నాకు ఎవరూ నేర్పనక్కరలేదు.

అంతకుముందు తెలుగువాళ్ళ చీటీలు జోడింపులో ఉన్న భారతమ్మ రాసేది. నేను పది మాటలు చెబితే ఐదే రాసేది. మొదటి లాక్‌డౌన్‌లో కార్ఖానా మూతపడినప్పుడు, యాభై రెండో ఏట, ఆమె దగ్గరే నేను అక్షరాలు నేర్చుకున్నాను. మరుసటి ఏటి నుంచి చీటీలు నేనే రాశాను. “గీ అక్కతోని జర పైలం. అంగిల చెమటున్నా రాసి పెడ్తది” అని భారతమ్మ అందరికీ చెప్పేది.

లతను మా దగ్గరికి తీసుకొచ్చింది నర్సయ్య. ఆమె భర్త రాజేశం, నర్సయ్య డిండోలిలో ఒకే గదిలో ఉండి మగ్గాల మీద పనిచేసేవాళ్ళు. లత ఇద్దరు పిల్లలతో జగిత్యాల దగ్గర ఊళ్ళో ఉండేది. రాజేశానికి జ్వరం ముదిరి ఆసుపత్రికి తీసుకెళ్ళిన నాలుగో రోజు పోయాడని కబురు వచ్చింది. దహనం ఇక్కడే అయిపోయింది, పదో రోజు కర్మ ఊళ్ళో చేశారు. నెల దాటాక ఆమె ఆయన సామాను కోసం వచ్చింది. గదిలో దొరికిన మూడు చొక్కాలు, ఆసుపత్రి వాళ్ళు ఆయన ఒంటి మీది చొక్కా వేసి మూతి బిగించి నర్సయ్యకిచ్చిన ప్లాస్టిక్ సంచీ మా బల్ల మీద పెట్టింది.

“సచ్చినోల్ల బట్టలు ఇంట్ల ఉంచద్దంటది మా అత్త. బొంతయితే బొంతనే గదక్కా, బట్టలని ఎవలంటరు?” అంది. సంచీలోని చొక్కా బొంత నడిమధ్య రావాలని కోరింది. చివరిగా ఆయన ఒంటి మీద ఉన్నది అదే.

ఆమె ముందే సంచీ విప్పాను. నీలం గళ్ళ చొక్కా. దాన్ని తానెప్పుడూ చూడలేదని, ఇక్కడ కొత్తగా కొన్నాడేమోనని అంది. నేను వరసగా చీటీ రాసుకుంటూ పోయాను. మూడు చొక్కాలకు కడుపు దగ్గర అరుగు. నాలుగోదానికి ఎడమ భుజం మీద అరుగు, పోగులు బయటికి వచ్చాయి, కడుపు దగ్గర బట్ట గట్టిగా ఉంది. నా కళ్ళు చూసింది నా చెయ్యి రాసింది. అక్షరాలు కుదురుగా వస్తున్నాయా లేదా అన్న ధ్యాసే తప్ప, రాస్తున్న మాట మీద నాకు ధ్యాస లేదు. చీటీ ఆమెకిచ్చాను.

లత పదో తరగతి చదివింది. వేలు పెట్టి చదువుతూ చివరి వరస దగ్గర ఆగింది.

“గివన్నిటికి కడుపు కాడ అని రాసినవ్. గీ ఒక్కదానికి భుజమెందుకు?”

చొక్కా మళ్ళీ చేతిలోకి తీసుకుని చూశాను. అడిగినదానికి జవాబు చెప్పడం అలవాటైన నోరు. “గిది మగ్గం పని జేసేటోని అంగి కాదు చెల్లె. మార్కెట్ల మూటలు మోసేటోనిది” అన్నాను.

“మరి ఆయన అంగి ఏది?” అంది. నేను చొక్కా బల్ల మీద పెట్టాను. దాని వైపే చూస్తూ, “మరి ఆయనేడి?” అంది.

గుమ్మం దగ్గరున్న నర్సయ్య లోపలికి వచ్చాడు. రాజేశాన్ని అంబులెన్స్ తీసుకెళ్ళినప్పుడు తాను డ్యూటీలో ఉన్నాడట. ఆ రోజు ఏం తొడుక్కున్నాడో చూడలేదు. “మొకం సూపెట్టలేదక్కా. పీనుగను సుట్టిన కవర్ మీద నంబరుండె. గితనేనా అన్నరు. ఎనక లైన్ల మంది నిలబడ్డరు. అవునన్న” అన్నాడు.

లత అతన్ని తిట్టలేదు. చీటీ మీద సంతకం పెట్టకుండా లేచింది.

తొమ్మిది రోజులు ఇద్దరూ ఆసుపత్రి చుట్టూ తిరిగారు. నంబరూ పుస్తకంలో పేరూ సరిపోయాయి, సంచీలన్నీ ఒకే చోట కుప్పగా పోశాం కాబట్టి అవి మారి ఉండొచ్చు అన్నారు అక్కడివాళ్ళు. పుస్తకంలో అంతకుమించి ఏమీ లేదు. ఆమె వేరే ఆసుపత్రులకు పోయి వార్డుల తలుపుల దగ్గర నిలబడింది. ఊరి నుంచి అత్త ఫోన్ చేసి, కర్మ అయినంక మళ్ళీ మొగణ్ణి ఎతుకుడేందని తిట్టిందని నర్సయ్య చెప్పాడు.

పదో రోజు లత మా దగ్గరికి వచ్చింది. నుదుట బొట్టు పెట్టుకుంది.

“మూడంగీలు కొయ్యలేదు గదక్కా?”

కోయలేదన్నాను.

“ఇయ్యి. ఆయనొస్తె తొడుక్కోను ఉండాలె.”

ఆ తొమ్మిది రోజులూ నేను ఆలోచించిన మాట అప్పుడు చెప్పాను. మారింది సంచీ ఒక్కటే కావచ్చు, మనిషి మారి ఉండకపోవచ్చు, ఈ అరుగు చూసి ఆయన బతికున్నాడని అనుకోవద్దు అన్నాను. ఆమె చొక్కాలు మడత పెట్టుకుంటూ పూర్తిగా విన్నది.

“నువ్వే గదా రాసినవ్” అంది.

ఆ సాయంత్రం రైలుకే ఊరికి వెళ్ళిపోయింది. మరణ పత్రం తీసుకోవడానికి ఒప్పుకోలేదని తర్వాత నర్సయ్య చెప్పాడు. నీలం గళ్ళ చొక్కా కోసం ఎవరూ రాలేదు. ఆ మూటలు మోసినాయన ఇంటివాళ్ళ దగ్గర కడుపు దగ్గర అరిగిన చొక్కా ఒకటి ఉండి ఉంటుంది. వాళ్ళది ఏ ఊరో నాకు తెలియదు.

రెండేళ్ళ తర్వాత కళ్ళు సహకరించక పని మానేశాను. అంతవరకు, ఇంటివాళ్ళు చూసి గుర్తుపట్టని బట్టను బల్ల మీదికి రానివ్వలేదు. అరుగును బట్టి ఆ బట్ట తొడుక్కున్న మనిషి ఏ పని చేశాడో చెప్పవచ్చు. అతను ఉన్నాడో లేడో చెప్పలేం. ఈ రెండో మాటను మొదటి మాటతో పాటే, అదే రోజు, అదే బల్ల దగ్గర చెప్పాలి. నేను తొమ్మిది రోజులు ఆలస్యంగా చెప్పాను. అప్పటికి అది ఎవరికీ పనికిరాలేదు.