మొదటి తొక్కుకు అందని బ్రేకు

1963 జూన్ 3, సోమవారం నాడు, మంచిర్యాలకు ఎనిమిది మైళ్ళ దూరంలో ఉన్న బొగ్గు గనుల కంపెనీ మోటారు వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా చేరాను. అంతకు ముందు తొమ్మిదేళ్ళు అదే కంపెనీలో చార్జిమన్‌గా పనిచేశాను. ఫిట్టర్ల పైన చార్జిమన్, అతని పైన ఫోర్‌మన్, ఆపైన ఇంజినీరు. ఫోర్‌మన్‌ది నడిమెట్టు. మధ్యాహ్నం క్యాంటీనులో నేను కూర్చుంటే ఫిట్టర్ల మాటలు ఆగిపోయేవి. ఆఫీసర్ల క్లబ్బులో ఫోర్‌మన్‌కు ప్రవేశం లేదు. భార్యాపిల్లలు మెట్‌పల్లిలో ఉండేవారు. కనుక రెండు గదుల క్వార్టరులో ఒక్కణ్నే వండుకొని, ఒక్కణ్నే తిని, ఆ రోజు పనిని డైరీలో రాసుకొనేవాణ్ని. కింది వివరాలు ఆ డైరీలోనివే.

మా వర్క్‌షాపు పని ముఖ్యంగా లారీలు, జీపులు. వాటి బ్రేకులన్నీ డ్రమ్ము బ్రేకులు: చక్రంలోని గుండ్రటి డ్రమ్ములో రెండు షూలు విచ్చుకొని లోపలి నుంచి పట్టుకుంటాయి. ఏజెంటు గారి కారు మాత్రం వేరు. ఏజెంటు అంటే గనుల మేనేజర్లందరి పైని అధికారి. ఆయనది విదేశీ కారు, నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులే. చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళేన్ని రెండు ప్యాడ్లు రెండు వైపుల నుంచి అదిమి ఆపుతాయి. బొగ్గు ధూళికి దాని వెనుక డిస్కులు రెండూ గాడులు పడ్డాయి. కొత్తవి 1964 సెప్టెంబరులో బొంబాయి నుంచి రైల్లో వచ్చాయి. నవంబరు 6న మా సీనియరు ఫిట్టరు పోచయ్య వాటిని బిగించాడు.

నవంబరు 11న ఆ కారు రైలు గేటును గుద్దుకుంది. గేటు కర్ర విరిగింది, ఏజెంటు గారి నుదురు చిట్లింది. డ్రైవరు ఖాజా మియా పదిహేడేళ్ళ సర్వీసున్నవాడు. అదే రోజు అతణ్ని సస్పెండు చేశారు. అతను చెప్పింది ఒకటే: "మొదటి తొక్కుకు ఖాళీగ పోయింది సాబ్. రెండో తొక్కుకు పట్టింది. గప్పటికే గేటు మీదికొచ్చిన."

మర్నాడు కారును వర్క్‌షాపులో నిలిపి పరీక్షించాం. పోచయ్య సీట్లో కూర్చొని పెడల్ పదిసార్లు తొక్కాడు. పదిసార్లూ గట్టిగానే ఉంది. "రాయి లెక్క ఉంది సార్ బ్రేకు. గప్పుడు ఖాజాభాయ్ కాలు బ్రేకు మీద ఉందో, మనసు బిర్యానీ మీద ఉందో అడుగుండ్రి" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రిజిస్టరులో 'వెనుక బ్రేకులు సరిగా ఉన్నవి' అని రాసి సంతకం చేశాను. ఆ ఒక్క వాక్యం ఆధారంగా ఖాజా మీద నిర్లక్ష్యం ఆరోపణ తయారైంది. విచారణ నవంబరు 17న. ఆరోపణ రుజువైతే ఉద్యోగం పోతుంది, ఎనిమిది రోజుల్లో కంపెనీ క్వార్టరు ఖాళీ చేయాలి.

13వ తేదీ సాయంత్రం ఖాజా నా క్వార్టరు గేటు దగ్గరికి వచ్చాడు. విచారణలో నేను సాక్షిని, కాబట్టి లోపలికి పిలవడం పద్ధతి కాదని చెప్పాను.

"ఫికర్ లేదు సాబ్, నిలబడుడే డ్రైవరు కొలువు" అన్నాడు. తర్వాత గేటు పట్టుకొని, "ఒక్క మాట జెప్పి పోత. మీరు బండిని నిలబెట్టి తొక్కించిండ్రు. నేను నడుస్తున్న బండిల తొక్కిన. గదీ గిదీ ఒకటేనా?" అన్నాడు.

అతను సలాము చేసి వెళ్ళిపోయాడు.

శనివారం నేనే కారు తీశాను. తారు రోడ్డు మీద తేడా తెలియలేదు. గనుల వైపు గతుకుల రోడ్డులో ఫర్లాంగు దూరం నడిపి బ్రేకు వేసేసరికి పెడల్ సగానికి పైగా దిగిపోయింది. వెంటనే మళ్ళీ తొక్కితే పైనే అందింది. నాలుగు మార్లు నడిపితే మూడు మార్లు ఇలాగే జరిగింది. ముందుగా అనుమానించవలసింది నూనె గొట్టాల్లో గాలి. మధ్యాహ్నం గొట్టాల నుంచి నూనె వదిలి చూశాను. ఒక్క బుడగ కూడా రాలేదు.

ఆదివారం వర్క్‌షాపుకు సెలవు. చౌకీదారుతో తలుపు తీయించి లోపలికి వెళ్ళాను. షెడ్డులో మరో మనిషి లేడు. బెల్టులు ఆగిన లేతు యంత్రాల మధ్య నా చెప్పుల చప్పుడే నాకు వినబడింది. వెనుక చక్రాలు జాకీ మీద లేపి బేరింగులు చూశాను, వదులు లేదు. ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్ డిస్కుకు సరిగ్గా మధ్యలోనే ఉంది. చివరకు లేతు విభాగం నుంచి డయల్ గేజి తెచ్చి దాని ములికిని డిస్కుకు ఆనించి, చేత్తో మెల్లగా తిప్పాను. డిస్కు ఎంత వంకరగా తిరుగుతుందో గేజి ముల్లు చూపుతుంది. అంగుళంలో వెయ్యో వంతును మేము 'థౌ' అంటాం. కారు పుస్తకం ప్రకారం నాలుగు థౌలకు మించరాదు. ఎడమ వైపు పదకొండు, కుడి వైపు తొమ్మిది ఉన్నాయి.

అప్పుడు ఖాజా మాట అర్థమైంది. వంకరగా తిరిగే డిస్కు, గతుకుల కుదుపు తోడైతే, ప్యాడ్లను అటూ ఇటూ నెట్టి దూరం చేస్తుంది. మొదటి తొక్కు వాటిని దగ్గరికి తెచ్చుకోవడానికే సరిపోతుంది, రెండో తొక్కుకు గానీ పట్టు రాదు. నిలబడి ఉన్న కారులో డిస్కు తిరగదు, ప్యాడ్లు దూరం కావు. కాబట్టి మా పరీక్ష వెయ్యిసార్లు చేసినా లోపం బయటపడదు.

ఎడమ డిస్కు విప్పి తిరగేశాను. ప్యాడ్లు పట్టే భాగాన్ని పోచయ్య కిరసనాయిలుతో శుభ్రంగా కడిగాడు. చక్రాన్ని మోసే హబ్బుకు ఆనే లోపలి ముఖం మీద మాత్రం ఎర్ర ఆక్సైడ్ రంగు అలాగే ఉంది. స్టోరులో రంగు పూసి మేకుకు వేలాడదీయడంతో అది కిందికి జారి ఒక అంచున మందంగా గడ్డకట్టింది. మైక్రోమీటరుతో కొలిస్తే పై అంచున ఒక థౌ, కింది అంచున ఆరు. తేడా అయిదు. హబ్బుకు ఆనే ముఖం వ్యాసం అయిదున్నర అంగుళాలు, డిస్కు వ్యాసం పదకొండు. అంటే తేడా బయటి అంచుకు చేరేసరికి రెట్టింపై పది థౌలు అవుతుంది. మిగిలిన ఒకటి డిస్కుదే. లెక్క సరిపోయింది.

స్టోరుకు వచ్చిన ప్రతి ఇనుప భాగానికీ ఎర్ర రంగు పూయనిదే అరలో పెట్టరాదన్న ఉత్తర్వు నాది. 1963 వర్షాకాలంలో లారీ డ్రమ్ములు తుప్పు పడితే నేనే జారీ చేశాను. అందుకు ఇంజినీరు గారు మెచ్చుకోలు కూడా రాశారు. డ్రమ్ము బ్రేకులో షూలను స్ప్రింగులు వెనక్కి లాగుతాయి, కాబట్టి కొద్దిపాటి వంకర బయటపడలేదు. డిస్కు బ్రేకుకు ఆ వెసులుబాటు లేదు.

రెండు వైపులా రంగు గీకి బిగిస్తే కారు బాగవుతుంది, రిజిస్టరులో నా వాక్యం నిజమవుతుంది, ఖాజా ఇల్లు ఖాళీ చేస్తాడు. ఈ దారి నాకు తోచలేదని రాస్తే అబద్ధమవుతుంది. గంటకు పైగా డిస్కును ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. సలహా అడగడానికి మనిషి లేడు. ఉన్నా అడిగేవాణ్ని కాదేమో. చివరకు ఎడమ వైపు మాత్రం గీకి బిగించి కొలిచాను, ఒక థౌ వచ్చింది. కుడి వైపును సాక్ష్యం కోసం ముట్టుకోకుండా కారుకు తాళం వేసి, తాళంచెవి వెంట తీసుకెళ్ళాను.

సోమవారం స్టోర్‌కీపరు వామన్‌రావును అడిగాను. బోథ్ ప్రాంతం మనిషి, కాగితం తప్పి ఒక్క అడుగు వేయడు. "మీ ఉత్తర్వు నా మేజా అద్దం కింద ఉన్నది ఫోర్‌మన్ సాబ్. లోపలి ముఖం విడిచిపెట్టుమని దాంట్ల ఎక్కడున్నది? ప్రతి భాగం అన్నరు, పూసిన" అన్నాడు. అతని మాటలో తప్పు లేదు.

పోచయ్య కోపం మరో రకం. "ఇరవై ఏండ్ల సంది చక్రాలిప్పుతున్న. నన్ను పిలువకుంట ఐతారం నాడు దొంగ లెక్క చూసిండ్రు గదా సార్" అన్నాడు. అతని పేరు కాగితం మీదికి రాకూడదనే పిలవలేదని చెప్పాను. నమ్మలేదు.

విచారణ రోజు, నోటితో చెప్పే ముందు ఇంజినీరు గారిని కారు నడపమని కోరాను. ఆయన గతుకుల రోడ్డు మీద బ్రేకు వేశారు. పెడల్ దిగిపోయింది. మళ్ళీ తొక్కారు. తిరిగి వచ్చాక గేజి కొలతలు, నా ఉత్తర్వు నకలు, రిజిస్టరు వాక్యాన్ని రద్దు చేయాలన్న నా లేఖ ఆయన ముందుంచాను. దస్త్రంలో ఎవరి పేరు నిలుస్తుందో నాకు తెలుసా అని అడిగారు. తెలుసన్నాను.

ఖాజా నవంబరు 20న తిరిగి విధుల్లో చేరాడు. జనవరిలో వెలువడిన అసిస్టెంటు ఇంజినీర్ల జాబితాలో నా పేరు లేదు. వామన్‌రావు ఆ తర్వాత నాతో కాగితం ద్వారానే మాట్లాడాడు. నేను క్యాంటీనుకు వెళ్ళడం మానేశాను. ఖాజా ఆ విషయం ఒక్కసారే ఎత్తాడు. కారు సర్వీసుకు తెచ్చినప్పుడు, "సాబ్, బురా మానకుండ్రి. మొదటి దినమే నన్ను పక్కన కూసోబెట్టుకొని గేటు దాక పోయొస్తే అయిపోతుండె" అన్నాడు.

ఉత్తర్వును మార్చి రాశాను: ఒకదానికొకటి ఆనే ముఖాలకు రంగు పూయరాదు, డిస్కు బిగించాక డయల్ గేజితో కొలవనిదే చక్రం ఎక్కించరాదు. నేను దీని నుంచి నేర్చుకున్నది మరొకటి ఉంది. నడిపినవాడి ఫిర్యాదును నడుస్తున్న బండిలో, అతణ్ని పక్కన ఉంచుకొనే పరీక్షించాలి. వర్క్‌షాపు నుంచి గతుకుల రోడ్డు మీదుగా రైలు గేటు దాకా వెళ్ళి రావడానికి పదకొండు నిమిషాలు పడుతుంది. 1964 నవంబరు 12న నాకు ఆ పదకొండు నిమిషాల తీరిక ఉంది.