పడవ ముసలామె మాటలు

మా బాబాయ్ కంప్యూటర్ గేముల్లో ఎదురయ్యే మనుషులకు మాటలు రాసేవాడు. మనమే ఒక పాత్రగా మారి, ఊరూరూ తిరిగి, కనిపించినవాళ్లని అడిగి దారి తెలుసుకునే రకం గేములు. "లేని మనుషులతో పగలంతా కబుర్లు, ఉన్న మనిషి దగ్గర నోరు పెగలదు," అని పిన్ని దెప్పేది.

పదకొండు నెలలు ఆయన రాసింది, ఒక గేములో ఏరు దాటించే ఒక్క పడవ ముసలామె మాటలే. ఆమెను నూట నలభై ప్రశ్నలు అడగొచ్చు. మర్యాదగా అడిగితే ఒక జవాబు, తొందరపెడితే ఇంకొకటి. అవన్నీ ప్రింటు తీసి, "సాహిత్యం చదువుతున్నదానివి, తప్పులుంటే చెప్పమ్మా," అని నాకిచ్చాడు. రెండుసార్లు చదివాను. పోయిన భర్త చెప్పులు పడవలోనే ఎందుకు ఉంచుకుందో చెప్పే చోట ఏడ్చాను. ఆ సంగతి చెప్పడానికి సిగ్గేసి, "బాగుంది బాబాయ్," అని ఊరుకున్నాను.

ఇంతలో గేము అందరికీ సులువుగా ఉండాలని ఆఫీసువాళ్లకు తోచింది. ఎప్పుడూ గేములు ఆడనివాళ్లని పదకొండు మందిని పిలిచి ఆడించారు. ఒకరు తగ్గితే బాబాయ్ నన్ను తీసుకెళ్లాడు. పడవ దగ్గరికి రాగానే, ఇవన్నీ నాకు నోటికొచ్చుగా అని, మాటలు దాటేసే స్కిప్ బటన్ టకటకా నొక్కేశాను. పక్కవాళ్లకంటే వెనకబడతానేమోనని కంగారు కూడా. ఎవరు ఏ మాటలు చదవకుండా వదిలేశారో కంప్యూటర్ లెక్క పెడుతోందని నాకు తెలీదు.

సగం మందికి పైగా వదిలేసినవి తీసేయడం వాళ్ల పద్ధతి. ఆరుగురు వదిలేశారు. ఆరో మనిషిని నేను.

"ఆరుగురికి విసుగొచ్చిందట," అన్నాడు బాబాయ్ అన్నం తింటూ. "వాళ్లని అని ఏం లాభం? ముసలిది మరీ వాగుడుకాయ." పిన్ని నవ్వలేదు. నేను మంచినీళ్లు తాగుతూ కూర్చున్నాను.

ఇప్పుడు ఆయన పని, గేములో ఎటు వెళ్లాలో చూపించే బాణాలు పెట్టడం. గేము వచ్చింది, జనం ఎగబడి ఆడుతున్నారు. నేనూ ఆడాను. ముసలామె "ఎక్కు" అంది, అంతే. పచ్చ బాణం అవతలి ఒడ్డు చూపించింది. పడవలో ఆ చెప్పులు మాత్రం అలాగే ఉన్నాయి. అవెవరివని అడగడానికి బటన్ లేదు.

ఆ సాయంత్రమే వెళ్లి చెప్పాను. "ఆ ఆరుగురిలో నేనూ ఉన్నాను బాబాయ్."

"తెలుసమ్మా. నువ్వు ఆడుతుంటే నీ వెనకే నిలబడ్డాగా. మొహమాటానికి బాగుందన్నావని అప్పుడే అర్థమైంది."

"కాదు బాబాయ్! అప్పటికే రెండుసార్లు చదివాను. ఏడ్చాను కూడా. నోటికొచ్చు కాబట్టే..."

"బాగుంది" అని నేను ఏ గొంతుతో అన్నానో, అదే గొంతుతో ఆయన, "సరేలేమ్మా," అన్నాడు.