ముగ్గురు చెబితే గానీ తిరగని కారు

మా లింగమూర్తి మామ దారి అడుగుతాడు. ఆయన గురించి ఒక్క ముక్కలో చెప్పమంటే నేను చెప్పేది ఇదే. తెలియని దారి అందరూ అడుగుతారు. మామ తెలిసిన దారి కూడా అడుగుతాడు. నిజాంపేటలో తన ఇంటి సందులోనే కారాపి, ఇస్త్రీబండి అతన్ని "ఈ సందు మెయిన్ రోడ్డుకు పోతదా?" అని అడగడం నేను కళ్ళారా చూశాను. ఆ ఇస్త్రీబండి ఉండేది మామ ఇంటి గోడకు ఆనుకునే.

ఒకరిని అడిగి ఊరుకోడు. ముగ్గురిని అడగాలి. బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో ముప్పై ఎనిమిదేళ్ళు లేత్ మిషన్ మీద పనిచేసిన మనిషి. ఏ ఇనుప ముక్కనైనా మూడుసార్లు కొలిచి, మూడు కొలతలూ ఒకటైతేనే మిషన్ నడిపేవాడట. రిటైరయ్యాక ఆ నియమాన్ని రోడ్ల మీదికి తెచ్చాడు. ఇద్దరు ఎడమకనీ ఒకరు కుడికనీ చెప్పారంటే, నాలుగో మనిషి కోసం చూస్తాడు. వెనకవాళ్ళు హారన్లు కొడుతుంటే కిటికీలోంచి చెయ్యి చూపించి, "ఆగుండ్రి, కొలత కుదరలే" అంటాడు.

మా మరదలు రోహిణి నెల తప్పేదాకా ఇదంతా మా ఇంట్లో నవ్వుకోవడానికి పనికొచ్చింది. రోహిణి మామకు ఒక్కతే కూతురు. భర్త నితీష్‌తో కోకాపేటలో ఇరవై రెండో అంతస్తులో ఉంటుంది. ఇద్దరివీ కంప్యూటర్ ఉద్యోగాలే. ప్రతి గురువారం పోచమ్మ అత్తమ్మ చేసిన రొట్టెలు, కూర మామ కారులో కూతురికి చేరవేస్తాడు. సోమవారాల్లో డాక్టరు రమ్మంటే వెళ్ళి ఆమెను దవాఖానకు తీసుకుపోతాడు. గంట దారి. మామకు రెండు గంటలు పడుతుంది. రొట్టెలు చల్లారితే వేడి చేసుకోవచ్చు. కానీ రెండు సోమవారాలు మామ రావడం ఆలస్యమై డాక్టరు టోకెన్ పోయింది. రెండోసారైతే ఆ పిల్ల ఏడో నెల కడుపుతో కింద గేటు దగ్గర గంటన్నర నిలబడిందట.

"ఏమైంది నాన్నా అంటే దారి తప్పిన అంటడు బావా," అంది ఫోన్లో. "మూడేండ్ల సంది వస్తున్న దారి. నాన్నకు మతి పోతున్నది. నాకు భయమైతున్నది."

ఆమె పెట్టిన గడువు నెల రోజులు. ఆ లోపల మామ తేలిగ్గా వాడుకోగలిగే దారి చూపే పరికరం ఏదో ఒకటి పెట్టించి, గంటలో వచ్చేటట్టు చెయ్యాలి. లేకపోతే కారు అమ్మకం, మామకు మెదడు డాక్టరు. ఆ కారుకు గేరు రాడ్డు మీది ఇత్తడి గుండు మామ తన చేతులతో లేత్ మీద తిప్పుకున్నది. దాన్ని రోజూ పొద్దున తువ్వాలతో తుడుస్తాడు. కారు పోతే మామ ఏమవుతాడో ఆలోచించడం నా వల్ల కాలేదు.

ఈ పని నా నెత్తినే ఎందుకు పడిందంటే, హైటెక్ సిటీలో ఒక ఆఫీసులో ఉద్యోగుల క్యాబులు చూసుకునేది నేనే. పల్లెటూరి బడిలో చదివినవాణ్ణి, మిషన్ల కంటే దేవుణ్ణి ఎక్కువ నమ్ముతాను. అంత సముద్రం మీద ఎవరినీ అడగకుండా లంక చేరిన ఆంజనేయస్వామికి ఒక కొబ్బరికాయ మొక్కుకుని పని మొదలుపెట్టాను.

మొదట మామ ఫోన్‌నే కారులో బిగించి, మ్యాపు పెట్టి, నొక్కడం నేర్పాను. బాగానే బయలుదేరాడు. కూకట్‌పల్లి దాటకముందే అత్తమ్మ ఫోన్ చేసి వచ్చేటప్పుడు కరివేపాకు తెమ్మంది. ఫోన్ రాగానే మ్యాపు పోయింది, అందులో మాట్లాడే ఆడమనిషి గొంతూ ఆగింది. మామ ఇంటికి తిరిగొచ్చేశాడు.

"మీ అత్తమ్మ మాట్లాడంగనే ఆ పిల్ల నోరు మూసుకున్నది," అన్నాడు. "ఆమెను తప్పు పట్టకు అల్లుడా. మనింట్ల అందరం గంతే."

పదకొండు కొబ్బరికాయలకు పెంచాను. కార్ల సామాన్లమ్మే దుకాణంలో పలకంత తెర ఉన్నది బిగించారు. అక్షరాలు పెద్దవి, బొమ్మలు రంగురంగులవి. మామ వేలు పెట్టి నొక్కాడు. ఏమీ కాలేదు. ఇంకా గట్టిగా నొక్కాడు. తెర పట్టించుకోలేదు. నేను ముట్టుకుంటే మాత్రం వెంటనే పలికింది. ముప్పై ఎనిమిదేళ్ళు ఇనుముతో పనిచేసి కాయలు కాసిన వేళ్ళవి. అది మనిషి వేలని ఆ అద్దానికి తెలియడం లేదు. మామ వేలిని లాల్చీకి తుడుచుకుని ఇంకోసారి పెట్టాడు, ఇంకోసారి. తర్వాత చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, "పోనీలే. దీనికి మెత్తటోళ్ళు కావాలె," అన్నాడు. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

నూట ఎనిమిది కొబ్బరికాయలు. ఇక అంతకు మించి మొక్కడానికి నాకు లెక్క తెలియదు. దుకాణమతన్ని బతిమాలితే, ఇప్పుడెవ్వరూ కొనడం లేదంటూ వెనక గదిలోంచి దుమ్ము పట్టిన చిన్న పెట్టె తెచ్చాడు. ఉన్నవి నాలుగే నాలుగు మీటలు, అవి కూడా నిజంగా లోపలికి దిగే మీటలు. తెలుగులో మాట్లాడుతుంది. మధ్యలో ఎవరి ఫోనూ దాన్ని ఆపలేదు. మామ మొదటి మీట నొక్కగానే టక్కుమంది. ఆయన ముఖం వెలిగింది. రోహిణి ఇంటి దారి ఆ మీటలో పెట్టాను. గుర్తుకని అత్తమ్మ దాని మీద కుంకుమ బొట్టు పెట్టింది.

మరుసటి గురువారం ఆఫీసుకు సెలవు పెట్టి పక్కన కూర్చున్నాను. హైటెక్ సిటీ దాకా దివ్యంగా వెళ్ళాం. ముందు ఎడమకు తిరగమని పెట్టె చెప్పింది. మామ కారును ఒక అద్దాల భవనం గేటు ముందు ఆపి, అద్దం దించి, అక్కడున్న వాచ్‌మన్‌ను పిలిచాడు.

"ఈమె ఎడమకు పొమ్మంటున్నది. నువ్వేమంటవ్ తమ్ముడూ?"

వాచ్‌మన్ వంగి పెట్టెను పరీక్షగా చూశాడు. అది ఇంకోసారి చెప్పేదాకా ఆగి విన్నాడు. "ఎడమకే సార్. మంచిగనే చెప్తున్నది పాపం," అన్నాడు.

"అడగకుండ పోదాం మామా," అన్నాను. "దీన్ని కొన్నదే అందుకు."

"ఈమెకు ఒక ఓటు ఇచ్చిన గదా. ఒక్క ఆడపిల్ల మీద అంత బరువు పెట్టొద్దు. మనుషుల్ల ఒక్కడే ఆయె. ఇంక ఇద్దరు."

ఆ రోజు కోకాపేట చేరేసరికి గంటా యాభై నిమిషాలు. రోహిణి గడియారం చూసి నన్ను చూసింది. నెల గడిచేసరికి ఆమె మెదడు డాక్టరు దగ్గర పేరు రాయించింది, కారు కొనేవాళ్ళ నంబరు నితీష్ నాకు పంపాడు. గుడికి వెళ్ళి స్వామి ముందు కూర్చున్నాను గానీ ఏం అడగాలో తోచలేదు. ఇంత మందిని దారి అడిగే మామే నయమనిపించింది.

పెట్టెను దుకాణంలో తిరిగి ఇచ్చేద్దామని తీసి చూస్తుంటే, ఏయే రోజు ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగిందో దాని చిన్న తెర మీద రాసి ఉంది. క్యాబుల పని చేసేవాణ్ణి గనుక అలవాటుగా చదివాను. నాలుగు ప్రయాణాలు. నాలుగింటిలోనూ అవే మూడు చోట్లు. మొదట ఆ అద్దాల భవనం గేటు, తర్వాత గచ్చిబౌలి ఫ్లైఓవర్ కింద, ఆఖరున కోకాపేట మలుపు. దారి తెలియని మనిషి నాలుగుసార్లూ కొలిచినట్టు ఒకే చోట ఎలా తప్పిపోతాడు?

శనివారం గుడి నుంచి నేరుగా స్కూటరు మీద వెళ్ళాను. వాచ్‌మన్ పేరు మొగిలి, వరంగల్ వైపు మనిషి. మామ మాటెత్తగానే నన్ను నీడలోకి పిలిచి తన కుర్చీ ఇచ్చాడు.

"ఆ పెద్దాయన మీవోడా సార్? మస్తు మంచోడు. గని యాది ఉండది. యాభై మాట్ల చెప్పిన గదే దారి. కోపం జేయకుండ్రి. ఇంట్ల ఎవ్వరన్నా చూస్తున్నరా ఆయనను?" అని, గొంతు తగ్గించి చెప్పాడు. "పొద్దంత నేనే అందర్ని అడుగుత సార్. కార్డేది, బండి నంబరేంది, ఎవల్ని కలువాలె అని. నన్ను ఒకటి అడిగేటోడు గాయన ఒక్కడే. నా బిడ్డకు పరీక్షలున్నయంటే ఎట్ల రాసిందని గూడ అడిగిండు. గురువారం డ్యూటీ మార్పించుకోలే నేను. ఆయన వచ్చి ఎవ్వలు లేకుంటే పరేషాన్ అయితడని."

ఆయన బయలుదేరగానే ఫ్లైఓవర్ కింద మొక్కజొన్న కంకులు కాల్చే ఆమెకు ఫోన్ చేస్తానని కూడా చెప్పి, నా నంబరు రాసుకున్నాడు.

ఆమె పేరు కనకలక్ష్మి. కోస్తా నుంచి వచ్చి బండి పెట్టుకుంది. విసనకర్ర ఆపకుండానే మాట్లాడింది. "నన్ను అడిగాక కోకాపేట మలుపులో పంక్చర్లు వేసే ఏసురత్నం గారికి నేను ఫోన్ చేస్తానండి. ఆయనైతే గోడ మీద సుద్దతో బాణం గుర్తు కూడా వేశారు, పెద్దాయన కోసం. మేం ముగ్గురం ఒకళ్ళకొకళ్ళం తెలిసిందే ఆయన వల్ల." విసనకర్ర ఆగింది. "మొన్నామధ్య ఓ సోమవారం జొరమొచ్చి ఈ బండి చాటున పడున్నానండి. దారి అడగడానికొచ్చి చూశారు. కారులో ఆస్పత్రికి తీసుకెళ్ళి, సూది వేసి మందులిచ్చేదాకా బయట బల్ల మీద కూర్చున్నారు. మీ పని ఆగిపోతుందేమో అంటే, నాకేం పనుందమ్మా అన్నారు."

అది రోహిణి గేటు దగ్గర గంటన్నర నిలబడిన సోమవారం.

ఆ సాయంత్రం మామ కారు తుడుస్తుంటే పక్కన నిలబడి, అంతా తెలిసిందని చెప్పాను. ఇత్తడి గుండు మీద తువ్వాల చాలాసేపు తిప్పాడు.

"రోహిణికి అసలు సంగతి చెప్పొచ్చు గదా మామా. దారి తప్పిన్నని ఎందుకన్నవ్?"

"ఎవలికో సూదేపిచ్చుకుంట నా బిడ్డను ఎండల నిలబెట్టిన్నని ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె? దారి తప్పిన్నంటే నామీదికే వస్తది. అయిపోతది."

"మరి రోజూ అడుగుడెందుకు? నీకు దారి తెల్వదా?"

"కండ్లు మూసుకొని పోత." తువ్వాల మడిచాడు. "వర్క్‌షాపుల పొద్దున్నుంచి అందరు నన్నే అడుగుదురు అల్లుడా. లింగమూర్తన్నా, ఇదెంత కొయ్యాలె, అదెట్ల తిప్పాలె. ఇంట్ల కూసున్నంక ఎవ్వలు ఏదీ అడగలే. ఏడాది. అప్పుడు తెలిసింది. మనిషిని ఏదన్న ఒకటి అడగాలె. డబ్బియ్య నా దగ్గర లేదు. దారి అడగనీకి ఏం ఖర్సు?"

ఆ ముగ్గురూ ఆయనకు మతిమరుపని బెంగపెట్టుకుని ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటున్న సంగతి నేను మామకు చెప్పలేదు. మామకు మతి భేషుగ్గా ఉందని వాళ్ళకూ చెప్పలేదు. దేవుడు అంత చక్కగా బిగించిన మరలో నేనెందుకు వేలు పెట్టాలి?

రోహిణికి మాత్రం మొత్తం చెప్పాను. మెదడు డాక్టరు దగ్గర తన పేరు రాయించుకుంటానంది. కారు కొనేవాళ్ళకు నితీష్ వద్దని చెప్పాడు. ఇక ఒకటే షరతు. గురువారాలు నాన్న ఇష్టం, ఎంతమందినైనా అడగవచ్చు. డాక్టరు రోజుల్లో మాత్రం ఎక్కడా ఆగకూడదు. మామ ఒప్పుకున్నాడు. అత్తమ్మ గురువారం రొట్టెలు గంట ముందే చెయ్యడం మొదలుపెట్టింది. నూట ఎనిమిది కొబ్బరికాయలూ మామే డిక్కీలో వేసుకుని నాతో గుడికి వచ్చాడు. గుడికి దారి ముగ్గురిని అడిగాడు.

మొన్న సోమవారం డాక్టరు రమ్మన్న రోజు. మామ పెట్టెను కూడా ముట్టుకోకుండా యాభై రెండు నిమిషాల్లో కోకాపేట చేరాడని రోహిణి మురిసిపోతూ ఫోన్ చేసింది. ఆ ఫోన్ పెట్టేశానో లేదో మొగిలి నుంచి వచ్చింది. గాభరాగా ఉన్నాడు.

"సార్, పెద్దాయన ఇయ్యాల ఆగలే. నన్ను చూసి చెయ్యూపిండు గని, అడగలే. సీదా పోయిండు. కనకలక్ష్మమ్మ దగ్గర గూడ ఆగలేదంట. ఏసురత్నం రోడ్డు మీదికొచ్చి నిలబడ్డడు. తప్పిపోయిండేమో సార్."

చేరాడయ్యా, క్షేమంగానే ఉన్నాడు, ఇవాళ దారి పెట్టె చెప్పిందిలే అని ఓ చిన్న అబద్ధం ఆడాను. స్వామి క్షమిస్తాడు. అవతల మొగిలి ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. కానీ తృప్తి పడలేదు.

"ఆ మిషన్‌ను నమ్ముకోనియ్యకుండ్రి సార్," అన్నాడు. "గురువారం నన్నే అడగమనుండ్రి."