దర్జీ షాపు తలుపు మీద భూమి

ఆమెను ఊళ్లో అందరూ బోర్డులక్క అంటారు. దుకాణాల మీద పేర్లు రాయడం ఆమె వృత్తి. చేతిలో బ్రష్షు ఉంటే ఆకలి కూడా గుర్తుండదామెకు.

లైబ్రరీలో కొత్తగా చదువుకునే గది కట్టినప్పుడు లైబ్రేరియన్ ఆమెను పిలిపించాడు. ఒక గోడ మీద పురాణాలు చెప్పిన విశ్వం, ఎదుటి గోడ మీద సైన్సు చెప్పిన విశ్వం వేయమన్నాడు.

“పిల్లలు పోల్చి చూసుకుంటారమ్మా. కొలతలు మాత్రం సరిగ్గా ఉండాలి.”

పురాణం కొలతలకు ఆమె అత్తగారే దిక్కు. పెద్దావిడ గది మధ్యలో కుర్చీ వేయించుకుని మొదలుపెట్టింది. “నడుమ జంబూద్వీపం, లక్ష యోజనాలు. దాని చుట్టూ అంతే వెడల్పున ఉప్పు సముద్రం. ఆ తర్వాతి ద్వీపం రెండింతలు. దాని చుట్టూ చెరకురసం సముద్రం, అదీ రెండింతలే. అలా ఏడు ద్వీపాలు, ఏడు సముద్రాలు.”

అక్క జంబూద్వీపాన్ని పళ్లెమంత గీసింది. మూడో ద్వీపానికే పైకప్పు తగిలింది. అంతా తుడిచి, ఈసారి చొక్కా గుండీ అంత గీసింది. అప్పటికి గానీ ఏడో సముద్రం గోడకు పట్టలేదు.

“మరి మనం ఉండేదెక్కడ అత్తయ్యా?”

“ఆ గుండీలోనే. అందులోనూ ఓ మూల.”

ఆ మాటకు కోడలు నిచ్చెన మీదే నవ్వేసింది.

రెండో గోడకు కొలతలు లైబ్రేరియన్ చెప్పాడు. సూర్యుణ్ణి పళ్లెమంత వేస్తే భూమి ఆవగింజంత అవుతుందట. ఆ లెక్కన రెంటి మధ్య దూరం గదిలో ఇమడదు. బుధుణ్ణి గుమ్మం మీద, శుక్రుణ్ణి ప్రహరీ మీద చుక్కలుగా పెట్టి, అక్క టేపు పట్టుకుని రోడ్డు దాటింది. టేపు ఎదురుగా ఉన్న దర్జీ షాపు తలుపు దగ్గర ఆగింది.

“భూమిని మా తలుపు మీద పెడతారా?” దర్జీ కత్తెర పక్కన పెట్టాడు. “పెట్టండక్కా. మా ఆవిడకి చెబితే నమ్మదు గానీ.”

సాయంత్రం అత్తగారు రెండు గోడలనూ తేరిపార చూసి లైబ్రేరియన్‌ను అడిగింది. “బ్రహ్మకి ఒక పగలంటే నాలుగువందల ముప్పైరెండు కోట్ల ఏళ్లు. మీవాళ్లు భూమి వయసు ఎంతంటారు నాయనా?”

“సుమారు నాలుగువందల యాభై కోట్లండీ.”

“చూశావా మరి.”

“దగ్గరగానే ఉంది, కాదనను. కానీ ఒక్క లెక్క దగ్గరపడితే అన్నీ కలిసినట్టు కాదు కదండీ. పాల సముద్రం ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు.”

“దొరికుంటే నువ్వీపాటికి టీ పెట్టించేవాడివే.”

లైబ్రేరియన్ పగలబడి నవ్వాడు. పెద్దావిడ పురాణం గోడ వైపు తిరిగి అంది. “కలవకపోతే కలవకపోనీ. ఇంత పెద్దదాన్ని ఊహించడానికి వాళ్లకి ఎంత గుండె ఉండాలి.”

“కొలవడానికి వీళ్లకీ ఉండాలి అత్తయ్యా,” అంది అక్క, చేతుల రంగు తుడుచుకుంటూ.

గది తెరిచిన రోజు లోపలికంటే రోడ్డు మీదే జనం ఎక్కువ. దర్జీ షాపు ముందు అత్తగారు కళ్లజోడు సర్దుకుని, వచ్చినవాళ్లందరికీ ఆ నీలిచుక్క చూపిస్తూ నిలబడింది. ఆ వారంలోనే రెండు బడులవాళ్లు అక్కను వెతుక్కుంటూ వచ్చారు. ఆమె ముందుగా అడిగింది గోడల సంగతి కాదు. ఎదురుగా ఏయే దుకాణాలున్నాయని.