టోపీ బయటి పాయ

పార్లరు వదినకి తెలియని జుట్టు ఈ భూమ్మీద ఇంకా మొలవలేదు. ఈ మాట ఎవరో అన్నది కాదు, ఆవిడే అంటుంది. పిన్ని దగ్గర దువ్వెనలు కడగడంతో మొదలుపెట్టి, ఇప్పుడు వీధి చివర మూడు కుర్చీలు, రెండు అద్దాలు, ఒక ఆడపడుచుతో సొంత పార్లరు నడుపుతోంది. కుర్చీలు, అద్దాలు ఆవిడ మాట వింటాయి.

రోజంతా నిలబడే పని కాబట్టి మోకాళ్ళు మొరాయించాయి. డాక్టరు ఈత కొట్టమన్నాడు. ఆడపడుచుని తోడు తీసుకుని, పొద్దుటి పూట ఆడవాళ్ళ బ్యాచిలో చేరింది. ఈత రావడానికి నెలలు పట్టింది గానీ, సలహాలివ్వడానికి బట్టలు మార్చుకునేంత సేపు కూడా పట్టలేదు. ఒకావిడ మోచేతులు పొడిబారి తెల్లటి గీతలు పడుతుంటే, అడక్కముందే చెయ్యి లాక్కుని క్రీము రాసేసింది. ఇంకొకావిడ జుట్టు చూసి, "ఇది జుట్టా, చీపురా?" అని జాలిపడింది. క్లోరిన్ నీళ్ళు తన ఒక్కదాన్నీ వదిలేసి ఊరందరి మీదా పగబట్టాయన్నట్టు ఉండేది ఆ ధోరణి.

పూల్ గోడ మీద రెండు నియమాలు రాసి ఉన్నాయి. దిగేముందు షవరు కింద తల తడుపుకోవాలి. టోపీ పెట్టుకోవాలి. మొదటిది ఆవిడకి ససేమిరా ఎక్కలేదు.

"నీళ్ళలో దిగడానికి నీళ్ళు పోసుకోవడమేంటండీ? పొడి జుట్టుకి నూనె పట్టించి టోపీ పెడితే సరి. ఇరవై ఏళ్ళుగా తలలు చూస్తున్నాను, నాకు చెబుతారా?"

"మీరు తలలు చూశారు, నేను ఈ నీళ్ళు చూస్తున్నాను," అంది ఈత నేర్పే కోచమ్మ. ఆ ముక్క వదిన చెవిన పెట్టలేదు.

రెండో నియమం ఎక్కింది గానీ నచ్చలేదు. రబ్బరు టోపీ పెట్టుకున్నాక ఎంతటి అందగత్తె అయినా ఉడకబెట్టిన గుడ్డే. అందుకని మధ్యేమార్గం కనిపెట్టింది. నుదుటికి ఎడం పక్కన బ్లీచ్ చేసి బంగారు రంగు వేసుకున్న పాయ ఒకటుంది. దాన్ని మాత్రం టోపీ బయటికి వదిలి ఈదేది.

"అదేంటి వదినా, తోక బయటుంది?" అంది ఆడపడుచు.

"తోక కాదే, బోర్డు. షాపు మూసి ఉన్నా బోర్డు కనపడాలి."

బోర్డు పనిచేసింది కూడా. అదే బ్యాచిలో ఈదే బ్యాంకు మేనేజరమ్మ ఆ పాయ చూసి ముచ్చటపడి, ఆదివారం వస్తాను, నాకూ అదే రంగు వెయ్యమంది. మేనేజరమ్మ ఎక్కడ తల పెడితే ఆ బ్యాంకు ఆడవాళ్ళందరూ అక్కడే పెడతారు. వీధి మొదట్లో ఏసీ పార్లరు తెరిచినప్పటి నుంచీ వదిన షాపులో ఆడపడుచు ఒక కుర్చీలో కూర్చుని, రెండో దాని మీద కాళ్ళు చాపుకుని ఫోను చూసుకుంటోంది. ఈ ఆదివారం బేరం తప్పిపోతే మూడో కుర్చీ కూడా ఆడపడుచు సంచీ పెట్టుకోవడానికే.

శుక్రవారం ఎండలో నిలబడి షట్టరు ఎత్తుతుంటే ఆడపడుచు గట్టిగా అంది: "వదినా, కదలకు."

"ఏంటే, పురుగా?"

"పురుగైతే దులిపేదాన్ని. నీ బోర్డు ఆకుపచ్చగా ఉంది."

షాపులో పసుపు లైట్ల కింద తెలియలేదు గానీ, వెలుతురులో ఆ పాయ నాచు పట్టిన తాడులా ఉంది. షాంపూలన్నీ అయ్యాయి, రంగు వదల్లేదు. ఇంకోసారి బ్లీచ్ చేస్తే తెగి చేతికొస్తుందని ఆవిడకి తెలుసు. అలాగని శనివారం ఈత మానేద్దామంటే, మేనేజరమ్మ చేతిలో ఎవరో ఏసీ పార్లరు ప్రకటన కాగితం పెట్టడం నిన్ననే కళ్ళారా చూసింది. ఆవిణ్ణి ఒంటరిగా వదలకూడదు.

ఆలోచించి, తనకి తెలిసిన వైద్యమే చేసింది. రోజూ కంటే రెట్టింపు నూనె పట్టించి, మొదటిసారి ఆ పాయని కూడా టోపీలోకి తోసి, ఎప్పటిలాగే షవరుకి మొహం చాటేసి నీళ్ళలో దిగింది.

అంత నూనె మీద ఏ టోపీ నిలుస్తుంది? సరిగ్గా కొలను మధ్యలో గిన్నె మీది మూతలా జారి, పక్క వరుసలో ఈదుతున్న మేనేజరమ్మ దగ్గరికి తేలుకుంటూ వెళ్ళింది. ఆవిడ దాన్ని తీసి, మర్యాదగా యజమానికి ఇవ్వబోయి ఆగింది. ఆకుపచ్చ పాయ వదిన ముక్కు మీద అడ్డంగా అతుక్కుని ఉంది.

"రేపు నాకు వేస్తానన్నది ఇదేనా?"

వదిన నీళ్ళు నమిలింది. పూల్‌లో ఉంది కాబట్టి నిజంగానే నమిలింది.

"పొడి జుట్టుతో దిగితే ఈ నీళ్ళనే పీలుస్తుంది," అంది గట్టు మీంచి కోచమ్మ, తేలుతున్న నూనెని చూస్తూ. "బ్లీచ్ చేసిందైతే మరీనూ. నీళ్ళలో ఉండే రాగి పట్టేసి ఇలా రంగు తిరుగుతుంది. ముందే మంచినీళ్ళు పట్టిస్తే వీటికి అంత చోటుండదు. మొదటి రోజు నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను."

వదినకి తల కొట్టేసినట్టయింది. ఇక ఆడపడుచు అందుకుంటుందని కళ్ళు మూసుకుంది. ఆడపడుచు అందుకుంది కూడా.

"మేనేజరుగారూ, మా వదిన ఏదైనా ముందు తన తల మీదే చేసి చూసుకుంటుందండీ. ఆ ఏసీ వాళ్ళు ఎవరి తల మీద చూస్తారో కనుక్కోండి."

ఇంత పచ్చి అబద్ధం ఆ నోట అంత సాఫీగా రావడం వదిన ఎన్నడూ వినలేదు.

"అయితే చూశారుగా, ఏం తేలింది?" అంది మేనేజరమ్మ, టోపీ ఇవ్వకుండానే.

బంగారు రంగు మీద రావలసిన బేరం కళ్ళముందు ఓసారి మెదిలింది. ఆ ఆశని మింగేసింది. "రోజూ ఈదే తలకి బ్లీచ్ వద్దండీ. ముదురు గోధుమ రంగు వేస్తాను. బంగారమే కావాలంటే ఈత మానెయ్యండి, లేదా ఇంకెక్కడైనా వేయించుకోండి."

మేనేజరమ్మ టోపీ చేతిలో పెట్టి ఈదుకుంటూ వెళ్ళిపోయింది. ఆ రాత్రి వదిన మెతుకు ముట్టలేదు. ఆదివారం షాపు తలుపు తోసుకుని, "గోధుమ రంగే కదా అన్నారు?" అంటూ మేనేజరమ్మ లోపలికొచ్చేసరికి ఆడపడుచు కాళ్ళు కిందికి దిగాయి, సంచీ గోడ మేకుకి ఎక్కింది.

సోమవారం పొద్దున వదిన షవరు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. పాయ కత్తిరించేసిన చోట బెత్తెడు కూడా లేని పిలక, అదీ టోపీ లోపలే. కొత్తగా చేరిన ఓ కాలేజీ పిల్ల పొడి తలతో దాటబోతే జబ్బ పట్టుకుని వెనక్కి లాగింది.

"ముందు తల తడుపు! మొదటి రోజు నుంచీ చెబుతున్నాను, ఒక్కరూ వినరు!"

"అవును వదినా," అంది ఆడపడుచు టోపీ సర్దుకుంటూ. "ఆ గోడ కూడా నీ దగ్గరే నేర్చుకుంది."