సగం సొరకాయ

పొద్దున ఎనిమిదిన్నరకు బండి సర్దుకుంటూ సైదమ్మ మిగిలిన సగం సొరకాయలోంచి ఓ ముక్క కోసి నోట్లో వేసుకుంది, కూరకు పనికొస్తుందో ముదిరిపోయిందో చూద్దామని. నమిలీ నమలకముందే థూ అని ఉమ్మేసింది. కటిక చేదు! పుక్కిలించినా పోలేదు. చేదెక్కిన సొరకాయను పశువుకు కూడా పెట్టకూడదని చిన్నప్పుడు వాళ్లమ్మ చెప్పేది.

మరి మొదటి సగం? దాన్ని నాలుగు కాకరకాయలతో కలిపి తిప్పి, గంట కిందట త్రినాథరావు సారు సీసాలో పోసింది తనే. కాకర కలిశాక ఏ చేదు ఎక్కడిదో ఎవరికి తెలుస్తుంది?

ఎల్బీనగర్‌లో ఆ కాలనీ పార్కు గేటు ముందు ఆమెది పదకొండేళ్ల బండి. నల్లగొండ వైపు నుంచి కూలికొచ్చి, భర్త పోయాక పక్క టైలరు షాపు నుంచి కరెంటు వైరు లాక్కుని మిక్సీ పెట్టుకున్న మనిషి. చెయ్యి శుభ్రం, నోరు మంచిది. ఆ నోటితోనే వచ్చింది తంటా అంతా! షుగరుకు కాకర, గ్యాసుకు సొర, లావుకు బూడిదగుమ్మడి అని వాకింగుకొచ్చేవాళ్లు అనుకునే మాటలు విని, మళ్లీ వాళ్లకే అప్పజెప్పేది. "గోలీలెన్నాళ్లు మింగుతరు? చెట్టు కాయ ఏం జేస్తది?" అనేది. జనం ఔనౌననేవాళ్లు. నలుగురు ఔనంటే ఎవరికి ముద్దు కాదు చెప్పండి!

బండిని, పక్కన పూలమ్ముకునే ఈరమ్మకు అప్పగించి ఆటో ఎక్కింది. సారుకు మోకాళ్లు పట్టేసినప్పుడు నెల రోజులు ఇంటికే జ్యూసు మోసింది కాబట్టి ఇల్లు తెలుసు. ఈసారి జ్యూసు సారుకు కాదు, షుగరున్న ఆయన భార్య ఇందిరాదేవికి; మొదలుపెట్టి పది రోజులైంది.

తలుపు తీసే ఉంది. ఇందిరాదేవి బాత్రూము గడప మీద కూలబడి ఉంది. గుంటూరు బ్యాంకులో రిటైరై వచ్చిన త్రినాథరావు పక్కన గొంతుక్కూర్చుని ఆమె నోటికి గ్లాసు అందిస్తున్నాడు.

"సమయానికొచ్చావు సైదమ్మా. మూడు వాంతులయ్యాయి. నువ్వు చెప్పినట్టే లోపలి మలినమంతా బయటికి పోతోంది. ఈ సగం కూడా తాగితే సరి."

కొత్తగా మొదలుపెట్టే ప్రతివాళ్లకూ సైదమ్మ చెప్పే మాటే అది.

"తాపకుండ్రి సారూ!" గ్లాసు లాగేసుకుంది. "గది మలినం గాదు. సొరకాయ చేదెక్కింది, విషం! దవాఖానకు నడువుండ్రి."

"కాయగూర విషమేమిటి? భయపడొద్దని నువ్వే కదా అన్నావు?"

"నేనే అన్న. తప్పు జెప్పిన! మీ కాళ్లు మొక్కుతా, అమ్మను లేపుండ్రి."

అంతలోనే ఇందిరాదేవి మళ్లీ కక్కింది. ఈసారి నెత్తురు చారలు కనిపించాయి. త్రినాథరావు ఆమెను పొదివి పట్టుకుని లేపాడు; సైదమ్మ జ్యూసు సీసా కొంగున చుట్టుకుని ఆటోను పిలిచింది.

చైతన్యపురి దగ్గరి దవాఖానలో డాక్టరమ్మ ఏం తిన్నారని అడిగింది. "బయటి తిండి ముట్టదండీ. రాత్రి ఉప్మా, అంతే" అన్నాడు త్రినాథరావు. జ్యూసు సంగతి చెప్పలేదు. జ్యూసు కూడా తిండేనా అనుకున్నాడేమో, మహానుభావుడు! సైదమ్మ గోడకు ఆనుకుని వింటోంది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. నోరు విప్పితే రేపట్నుంచి బండి దగ్గరకు పిట్ట కూడా రాదు. స్ట్రెచరు మీద ఇందిరాదేవి పెదవులు పాలిపోయి ఉన్నాయి.

సీసా తీసి బల్ల మీద పెట్టింది. "నేను పోసిన జ్యూసమ్మా. చేదు సొరకాయ, కాకర. సగం తాగింది."

డాక్టరమ్మ గబగబా లేచింది. "దీనికి విరుగుడు లేదు. బీపీ పడిపోకుండా కాపాడుకోవాలి, అంతే. చెప్పి మంచి పని చేశావు."

ఆ రోజంతా ఐసీయూ బయట ఇద్దరూ చెరో మూలా కూర్చున్నారు. బీపీ ఓ పట్టాన లేవలేదు. పైగా షుగరు నాలుగొందలుందని సాయంత్రం నర్సు చెప్పింది. మాత్రలు వేసుకునే మనిషికి అంత ఎందుకుందో త్రినాథరావుకు అర్థం కాలేదు.

మూడో రోజు గానీ ఇందిరాదేవి మాట్లాడలేదు. భర్త మందులు తేవడానికి కిందికి దిగగానే సైదమ్మ చెయ్యి పట్టుకుంది.

"నీ జ్యూసు మొదలుపెట్టాక షుగరు మాత్రలు మానేశానే. చెట్టు మందుండగా ఇవెందుకన్నావు కదా. ఈయనకి తెలీదు, చెప్పకు."

"చెప్తనమ్మా. సారుకూ చెప్త, డాక్టరమ్మకూ చెప్త," అంది సైదమ్మ. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని కుమిలికుమిలి ఏడ్చింది.

మర్నాడు పొద్దున పార్కు గేటు దగ్గర నిలబడింది గానీ మిక్సీ పెట్టలేదు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన బక్కయ్య అందరికన్నా ముందొచ్చాడు. అతనికి బీపీ.

"అన్నా, నీ బీపీ గోలీలు ఏస్కుంటున్నవా?"

"ఇంకేడి గోలీలు?" బక్కయ్య గర్వంగా నవ్వాడు. "నువ్వు జెప్పిన నాడే డబ్బా పారేసిన."

అతని వెనక నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్లు, "మేము గూడ," అన్నారు.